సొరుగులలో మగ్గుచున్న ఫలితములు

ఒక ఔషధము పనిచేయలేదని తేల్చిన పరీక్షను ప్రకటింపక దాచుట రోగికి చేయు ద్రోహమని వైద్యలోకము అంగీకరించి చాల కాలమైనది. మన దేశమున 2007లో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఏర్పడి, 2009 నుండి ఔషధ పరీక్షలు అందు నమోదు కావలెనను నిబంధన అమలులోనికి వచ్చినది. కాని అక్షరములను గుర్తింపలేక, గుర్తించినను కూడబలుకుకొనలేక, తరగతిలో అందరి యెదుట మౌనముగ నిలువబడు బాలునికి చదువు నేర్పెదమని చెప్పు పద్ధతుల విషయమున అట్టి నియమము నేటికిని వేరూనలేదు. ఏ పద్ధతి ఫలించినదో పత్రికలలో కనబడును. ఏది ఫలింపలేదో ఆ సంగతి పరిశోధకుని బల్లసొరుగులోనే యుండిపోవును. అమెరికా మనస్తత్త్వవేత్త రాబర్ట్ రోజెంతాల్ 1979లోనే ఈ దోషమును ఎత్తిచూపి, ప్రకటితమైన ఒక నిర్ణయము తలక్రిందులగుటకు ఎన్ని ప్రతికూల పరీక్షలు సొరుగులలో దాగియుండవలెనో లెక్కగట్టు విధానమును బోధించెను. ఆ లెక్కను నేర్చినవారు అనేకులు. సొరుగులను తెరచినవారు మాత్రము స్వల్పసంఖ్యాకులు.

ఈ దురాచారమును తొలగించుటకై గత పదిపదునైదేండ్లుగ ఓపెన్ సైన్స్ అను పేర వ్యాపించుచున్న బహిరంగ విజ్ఞాన పద్ధతి తత్త్వతః మిక్కిలి సరళమైనది. పరిశోధకుడు తన ప్రశ్నను, దానిని పరీక్షించు విధానమును, ఫలితమును కొలుచు కొలమానమును పని ప్రారంభింపకముందే తేదీతోసహా నమోదు చేయవలెను. పని ముగిసిన పిదప ఫలితము తన ఊహకు అనుకూలమైనను ప్రతికూలమైనను లోకమునకు తెలుపవలెను. వాడిన ప్రశ్నపత్రములను, బోధనసామగ్రిని, పిల్లల ఆనవాళ్లు తొలగించిన దత్తాంశములను ఇతరులు పరిశీలించుటకు వీలుగ భద్రపరుపవలెను. 2021 నవంబరులో యునెస్కో సభ్యదేశములు ఆమోదించిన సిఫారసు ఇంచుమించుగ ఈ దిశనే చూపుచున్నది. విజ్ఞానశాస్త్రములన్నింటికిని ఇది హితమే యైనను, అభ్యసన వైకల్యముల పరిశోధనయందు ఇది తప్పింపరాని విధి యని నా దృఢవిశ్వాసము. ఏలయన ఇచ్చటి పొరపాటునకు మూల్యము చెల్లించువాడు ఆరవయేటనో యేడవయేటనో చదువు చిక్కుపడిన పిల్లవాడు. ఫలమీయని పద్ధతిలో రెండేండ్లు గడపిన బాలునికి ఆ రెండేండ్లను మరల ఇచ్చువారెవరును లేరు.

ముందుగ నమోదు చేయుట వలన ఎంతటి భేదము కలుగునో వైద్యరంగమే చూపినది. అమెరికాలోని జాతీయ హృదయ, శ్వాసకోశ, రక్త పరిశోధన సంస్థ ధనముతో జరిగిన పెద్ద పరీక్షలను రాబర్ట్ కాప్లాన్, వెరోనికా ఇర్విన్ 2015లో సమీక్షింపగా, 2000కు పూర్వము ప్రకటితమైన 30 పరీక్షలలో 17 చికిత్సకు అనుకూలముగ నుండెను. నమోదు ఆచారమైన పిదప వెలువడిన 25లో రెండు మాత్రమే అట్లుండెను. ఔషధములు ఒక్కసారిగ నిర్వీర్యములైనవని దీనికి అర్థము కాదు. ఫలితము చూచిన పిదప కొలమానమును మార్చుకొను స్వేచ్ఛ పోయినది, అంతే. మనస్తత్త్వశాస్త్రమునను ఇదే కథ. 2015లో వందలాది పరిశోధకులు కలసి 100 ప్రసిద్ధ ప్రయోగములను మరల చేసి చూడగా, మూలప్రయోగములలో నూటికి 97 సార్థక ఫలితము చూపియుండగా, పునఃపరీక్షలో నూటికి 36 మాత్రమే నిలిచెను. ఫలితము తెలియకముందే ప్రణాళికను చూచి వ్యాసమును అంగీకరించు నమోదిత నివేదికల పద్ధతిని 'కార్టెక్స్' పత్రిక 2013లో ప్రవేశపెట్టినది. సాధారణ వ్యాసములలో పరిశోధకుని ఊహను సమర్థించునవి నూటికి 96 కాగా, ఈ నమోదిత నివేదికలలో 44 మాత్రమే యని 2021లో తేలెను. ఇక విద్యాశాస్త్రమునకు వచ్చినచో మనకు తలవంపుగనే యుండును: ప్రముఖమైన 100 విద్యాపత్రికలను మేకెల్, ప్లకర్ 2014లో జల్లెడపట్టగా, పూర్వప్రయోగమును తిరిగి చేసి చూచిన వ్యాసములు 0.13 శాతము, అనగా వేయింటికి రెండైనను లేవు.

ఒక తప్పిదము సరిదిద్దబడక నిలిచినచో ఎన్నితరముల పిల్లలను తాకునో తెలిసికొనుటకు ఈ రంగపు చరిత్రలోనే తగిన దృష్టాంతము కలదు. 1896లో ససెక్స్ వైద్యుడు ప్రింగిల్ మోర్గన్, చురుకైన బుద్ధి యుండియు చదువలేని పదునాలుగేండ్ల బాలుని గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసినది మొదలు, ఈ శాస్త్రమంతయు తెలివికిని చదువునకును నడుమనున్న అంతరముమీదనే దృష్టి నిలిపినది. ఇంగ్లండు దక్షిణతీరమునగల ఐల్ ఆఫ్ వైట్ దీవి పిల్లలను పరిశీలించిన మైకేల్ రట్టర్, విలియం యూల్ 1975లో ఒక గొప్ప విషయమును ప్రకటించిరి. బుద్ధికి తగినంతగ చదువురాని పిల్లలు గణితము ప్రకారము ఉండవలసినవారికంటె ఎక్కువమంది యున్నారనియు, పిల్లల అంకెల వ్యాప్తిని చూపు వక్రరేఖ అడుగుకొసన ఒక మూపురమువంటి ఎత్తు కనబడుచున్నదనియు వారి వాదము. మూపురమున్నచో ఆ పిల్లలు వేరొక జాతివారనుకొనుట సహజమే. 1977లో అమెరికా ప్రభుత్వపు నిబంధనలు తెలివికిని సాధనకును తీవ్రమైన అంతరమున్న బాలునికే అభ్యసన వైకల్యమున్నదని నిర్ణయించుటకు ఇట్టి భావనయే ఊపిరియైనది.

ఆ మూపురము పరీక్షపత్రము సృష్టించినదై యుండవచ్చునని 1985లో హాలండు పండితులు వాన్ డెర్ విసెల్, జెగెర్స్ చూపిరి. బాగుగ చదువగల పిల్లల సామర్థ్యము పరీక్ష యొక్క గరిష్ఠ అంకెను తాకి ఆగిపోయినచో లెక్కలన్నియు ఒకవైపునకు వంగి, లేని ఎత్తు ఉన్నట్లు కనబడగలదు. 1992లో శాలీ షేవిట్జ్ బృందము కనెక్టికట్ రాష్ట్రపు పిల్లలను ఏండ్లతరబడి అనుసరించి, చదువులోని ఇబ్బంది మూపురముగ గాక రక్తపోటువలె క్రమముగ వ్యాపించి యుండునని తేల్చెను. అయినను అంతరసూత్రమును రాష్ట్రములు తప్పనిసరిగ పాటింపనక్కరలేదని అమెరికా చట్టము చెప్పుటకు 2004 వచ్చినది. ఈ మూడు దశాబ్దములలో అంతరము చాలినంత పెరుగువరకు, అనగా మూడవ నాలుగవ తరగతిలో పూర్తిగ వెనుకబడువరకు, పిల్లలకు సహాయము నిరాకరింపబడినది. రట్టరు, యూలుల నిజాయితీని శంకింపవలసిన పనిలేదు. వారు తమ కాలపు ఉత్తమ పరిశోధకులు. కాని వారు వాడిన పరీక్షలో ఎందరు పిల్లలు గరిష్ఠ అంకెను చేరిరో తెలుపు మూలపట్టికలు వ్యాసముతో పాటే ఎల్లరి చేతికి వచ్చియున్నచో, ఈ సందేహమును లేవదీయుటకు పదేండ్లు పట్టియుండదు. పెద్దలైన శాస్త్రజ్ఞులు మంచివారగుట చాలదు. వారి పనిని చిన్నవారు పరీక్షించు వీలుండవలెను.

ఇంకొక ఉదంతము ఇంత నిష్కల్మషము కాదు. సమతౌల్యపు పలకపై నిలుచుట, చిన్న సంచులను ఎగురవేసి పట్టుట మొదలగు వ్యాయామములచే చిన్నమెదడు చురుకై డిస్లెక్సియా అను పఠనవైకల్యము నయమగునని బ్రిటనులో డోర్ అను కార్యక్రమము ప్రచారమైనది. 2003లో 'డిస్లెక్సియా' పత్రికలో దీనికి అనుకూలముగ ఒక వ్యాసము వచ్చెను. పరీక్షింపబడిన పిల్లలు ఒకే పాఠశాలకు చెందిన ముప్పదియైదుమంది; మొదటి ఆరునెలలు సగముమందిని పోల్చుటకు విడిగ నుంచి, పిదప వారికిని అవే వ్యాయామములు నేర్పిరి. కావున తరువాత కనబడిన అభివృద్ధిని ఎవరితో పోల్చవలెనో తెలియదు. పిల్లలు పెరుగుచుందురు, ఉపాధ్యాయులు బోధించుచుందురు. కొంత చదువు దానంతటదియే వచ్చును. తరువాతి ఫలితములను ప్రకటించినందుకు నిరసనగ ఆ పత్రిక సంపాదకవర్గమునుండి పలువురు వైదొలగిరి. 2008లో ఆ కార్యక్రమమును నడిపిన సంస్థ బ్రిటనులో మూతపడెను. ఏ కొలమానముతో, ఎంతకాలము, ఎవరితో పోల్చి నిర్ణయింతురో ముందే వ్రాసి యుంచవలెనను నియమమున్నచో, ఆ వ్యాసమునందలి లోపము పిల్లల ఫలితములు రాకముందే, ప్రణాళికయందే పట్టుబడియుండెడిది. నిస్సహాయులైన తల్లిదండ్రులు ఆశపడుట తప్పుకాదు. ఆశను అమ్మువారు ముందుగ పరీక్షకు నిలువవలెను.

సంఖ్యాల్పత ఈ రంగమునకు ప్రత్యేకమైన క్లేశము. గుండెజబ్బు పరిశోధకునికి వేలమంది రోగులు లభింతురు. చదువులో ఒకానొక విధమైన చిక్కుగల ఎనిమిదేండ్ల పిల్లలు ఒక పరిశోధకునికి ఇరువదిమందియో ముప్పదిమందియో దొరకుదురు. ప్రత్యేకవిద్యలో ముగ్గురు నలుగురు పిల్లలను మాత్రము లోతుగ గమనించు ఏకవ్యక్తి పరిశోధనలు సర్వసాధారణము. అవి విలువైనవే, కాని ప్రభావము పెద్దదిగ కనబడినవానినే పత్రికలకు పంపుటయు, చిన్నదిగ కనబడినప్పుడు కొందరు పిల్లల వివరములను విడిచిపెట్టుటకు సమ్మతించుటయు ఆ రంగమున కలవని 2016లో విలియం షాడిష్ బృందము జరిపిన సర్వే తెలిపినది. ఇట్టిచోట ఒక్కొక్కరు తమ ముప్పదిమంది పిల్లల దత్తాంశములను తమ కంప్యూటరులో తాళమువేసి యుంచుకొనుట అందరి దారిద్ర్యమునకు హేతువగును. ఫ్లోరిడా రాష్ట్ర విశ్వవిద్యాలయమున సారా హార్ట్, క్రిస్టఫర్ షాట్‌ష్నైడర్ మున్నగువారు అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సాయముతో స్థాపించిన ఎల్డీబేస్ అను భాండారము ఈ అవసరమునుండియే పుట్టినది. అభ్యసన, వికాస వైకల్యములపై జరిగిన పరిశోధనల మూలదత్తాంశములు అచ్చట పోగుపడుచున్నవి. ఒక్క పరిశోధనకు అందని ప్రశ్నలకు ఇరువది పరిశోధనల పిల్లలు కలసి సమాధానమీయగలరు.

ప్రతికూల ఫలితము వ్యర్థమను భావన ఎంత తప్పో మన నేలమీద జరిగిన ఒక ప్రయోగమే చెప్పును. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో రాష్ట్రప్రభుత్వము, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచబ్యాంకుల సహకారముతో జరిపిన విస్తృత పరిశోధనలలో, విద్యార్థుల ఫలితములనుబట్టి ఉపాధ్యాయులకు అదనపు పారితోషికమిచ్చుట వలన రెండేండ్లలో గణితమున 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనముల వృద్ధి కలిగెనను నిర్ణయము జగత్ప్రసిద్ధమైనది. దానికంటె నాకు విలువైనదిగ తోచునది వారు 2010లో ప్రకటించిన వేరొక వ్యాసము. ఏ పిల్లవానికి ఏది రాదో వివరించు నివేదికను ఉపాధ్యాయునికిచ్చి, అప్పుడప్పుడు తరగతిని గమనించుచుండినచో చదువు బాగుపడునా యని వారు పరీక్షించిరి. గమనించువారు వచ్చినప్పుడు ఉపాధ్యాయులు ఎక్కువ శ్రద్ధతో బోధించుచున్నట్లు కనబడిరి. కాని స్వతంత్రముగ జరిపిన పరీక్షలలో ఆ పిల్లలు ఇతరులకంటె ఏమాత్రమును మెరుగు కాలేదు. ఈ ఫలితము అచ్చుకాక మూలబడియున్నచో, నేడు ప్రతి జిల్లాలో లోపనిర్ధారణ నివేదికలను పంచి, తనిఖీ చేసి, పని పూర్తియైనదని తృప్తిపడు అధికారులకు అడ్డు చెప్పుటకు మనకాధారమే యుండదు.

ఇంగ్లండులో 2011లో నెలకొన్న ఎడ్యుకేషన్ ఎండౌమెంట్ ఫౌండేషన్ తాను ధనమిచ్చు ప్రతి ప్రయోగమునకు స్వతంత్ర పరీక్షకులను నియమించి, ప్రణాళికను ముందే ప్రకటించి, ఫలితమేదైనను వెలువరించుచున్నది. ఆ సంస్థయు, అమెరికా విద్యాశాఖకు చెందిన ఒక కేంద్రమును జరిపించిన 141 పెద్ద ప్రయోగములను, పన్నెండు లక్షలకు పైబడిన విద్యార్థుల ఫలితములను 2019లో కలిపి చూడగా, సగటు ప్రభావము 0.06 ప్రామాణిక విచలనము మాత్రమే యని తేలెను. ఇది నిరుత్సాహకరమని కొందరందురు. ప్రైవేటు ప్రకటనలలోని అద్భుతములను వినివిని అలవాటుపడిన చెవికి అట్లు తోచును గాని, చదువు మెరుగుపరచుట కష్టమైన పని యని తెలిసికొనుటయే వివేకమునకు మొదటి మెట్టు.

బహిరంగత యనగా పిల్లల గోప్యతను వీథిలో పెట్టుటయా యని ఒక న్యాయమైన శంక కలదు. ఒక మండలములో ఏడవ తరగతి చదువుచు, డిస్లెక్సియా ధ్రువపత్రము పొంది, ఫలానా వృత్తి చేయు తండ్రిగల బాలిక యొక్కతయే యుండవచ్చును. పేరు తీసివేసినంతమాత్రమున ఆమె మరుగుపడదు. 2023నాటి వ్యక్తిగత డిజిటల్ దత్తాంశ రక్షణ చట్టము పదునెనిమిదేండ్లలోపు పిల్లల వివరములకు తల్లిదండ్రుల నిర్ధారిత సమ్మతి కావలెనని శాసించుట సమంజసమే. అయినను ఈ చిక్కునకు పరిష్కారము లేకపోలేదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము నడుపుచున్న యంగ్ లైవ్స్ అధ్యయనము 2002 నుండి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో మూడువేలమంది పిల్లలను, మరి మూడు దేశములలో తొమ్మిదివేలమందిని అనుసరించుచు, వారి ఆరోగ్యము, చదువు, కుటుంబస్థితులకు సంబంధించిన దత్తాంశములను బ్రిటనులోని జాతీయ భాండారము ద్వారా పరిశోధకులకు అందించుచున్నది. పిల్లల పేర్లు గాని గ్రామముల పేర్లు గాని అందు కనబడవు. మన పిల్లలను గూర్చిన ఇంతటి సమాచారము ఇంత భద్రముగ, ఇంత ఉదారముగ లభించుట సంతోషదాయకమే. దానిని వాడుకొను తెలుగు విశ్వవిద్యాలయముల పరిశోధకుల సంఖ్య దానికి తగినట్లుగ పెరుగవలసియున్నది.

తెలుగు పిల్లవాని చదువుచిక్కును తెలిసికొనుటకు ఆంగ్లపు కొలబద్ద చాలదు. ఈ శాస్త్రమంతయు ఆంగ్లభాషయొక్క అస్తవ్యస్తమైన వర్ణక్రమముమీద నిర్మితమైనదని డేవిడ్ షేర్ 2008లో తీవ్రముగ విమర్శించెను. అక్షరములు, గుణింతములు, ఒత్తులు, సంయుక్తములు కలసి కొన్నివందల రూపములైన మన లిపిని నేర్చుట ఒక్క ఏడాదితో తీరునది కాదు. మన లిపికి తోబుట్టువైన కన్నడలో అక్షరాభ్యాసము ప్రాథమికతరగతులన్నింటిలోను సాగుచుండునని సొనాలీ నాగ్ పరిశోధనలు తెలిపినవి. కావున రెండవ తరగతిలో 'క్ష్మ' గుర్తింపలేని తెలుగు బాలుడు అభ్యసన వైకల్యము గలవాడో, వయస్సుకు తగినట్లే యున్నాడో నిర్ణయించుటకు తెలుగు పిల్లల వేలకొలది పఠనఫలితములు, తరగతివారీగ, మాధ్యమమువారీగ, బహిరంగముగ నుండవలెను. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రము రూపొందించిన డాలీ అను డిస్లెక్సియా పరీక్షాసామగ్రి మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఆంగ్లములలో వెలువడినది. 1984 నుండి సికింద్రాబాదులో జాతీయస్థాయి సంస్థ, నేడు నీపిడ్ అని పిలువబడునది, బౌద్ధిక వైకల్యములమీద పనిచేయుచున్నది. నిపుణులు మనకు కొరవడలేదు. ఒక వైద్యబృందము సేకరించిన అంకెలు వేరొక బృందమునకు, ఒక విశ్వవిద్యాలయపు సిద్ధాంతగ్రంథములోని పరీక్షాపత్రము పొరుగు జిల్లా ప్రత్యేకోపాధ్యాయునికి అందు మార్గము కొరవడినది.

కేంద్రప్రభుత్వము 2024 నవంబరులో ఆమోదించిన 'ఒకే దేశము, ఒకే చందా' పథకము మూడేండ్లకు ఆరువేల కోట్ల రూపాయలతో ముప్పది ప్రచురణసంస్థల పదమూడువేల పత్రికలను ప్రభుత్వ ఉన్నతవిద్యా సంస్థలకును పరిశోధనశాలలకును అందించుచున్నది. విశ్వవిద్యాలయ విద్యార్థికి ఇది గొప్ప మేలు. కాని జిల్లాపరిషత్ పాఠశాల ఉపాధ్యాయిని, పట్టణపు చిన్నగదిలో పదిమంది పిల్లలకు ప్రత్యేకబోధన చేయు స్త్రీ, ధ్రువపత్రము చేతబట్టుకొని తరువాత ఏమి చేయవలెనో తెలియని తండ్రి, వీరెవ్వరును ఆ చందా పరిధిలో లేరు. ప్రజాధనముతో జరిగిన పరిశోధన ప్రజలకు ఉచితముగ లభించునట్లు భాండారములలో నుంచవలెనని 2014లోనే మన విజ్ఞాన, జీవసాంకేతిక శాఖలు విధానము ప్రకటించినవి. దానిని నిక్కముగ అమలుపరచినచో చందాసొమ్ములో కొంతయైనను పరీక్షాసామగ్రి నిర్మాణమునకు మరలింపవచ్చును.

శ్రమపడి సేకరించిన దత్తాంశములను పంచినచో వేరొకరు తమకంటె ముందుగ వ్యాసము వ్రాసికొందురని యువపరిశోధకులు భయపడుదురు. ఆ భయము నిష్కారణము కాదు. పదోన్నతులను వ్యాసముల సంఖ్యనుబట్టి నిర్ణయించు విశ్వవిద్యాలయములు, ఇతరులు వాడుకొనదగిన దత్తాంశసంపుటమును సమర్పించినవానికిని, పునఃపరీక్ష చేసినవానికిని, వ్యాసకర్తకిచ్చు గౌరవమునే ఈయనిదే ఈ సంస్కారము పాదుకొనదు. ఒకే ప్రభుత్వసంస్థను నమ్ముకొని యుండుటయు క్షేమము కాదు. 2025 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వము తన విద్యాశాస్త్ర సంస్థకు చెందిన దాదాపు తొంబది కోట్ల డాలర్ల ఒప్పందములను ఒక్కపెట్టున రద్దుచేసినప్పుడు, రెండు దశాబ్దములుగ ప్రపంచమంతయు ఆధారపడిన సాక్ష్యసంపద ఎంత బలహీనమైన పునాదిపై నున్నదో స్పష్టమైనది. పలుచోట్ల ప్రతులుగల జ్ఞానము ప్రభుత్వములు మారినను నిలుచును.

మన రెండు రాష్ట్రములు చేయవలసిన పనికి క్రొత్త శాసనముతో అవసరము లేదు. 2016నాటి దివ్యాంగుల హక్కుల చట్టము అభ్యసన వైకల్యమును మొదటిసారిగ ఇరువదియొక్క వైకల్యములలో చేర్చి, పిల్లలలో దానిని వీలైనంత త్వరగ గుర్తించి తగిన బోధనోపాయములను చేపట్టవలెనని 16వ సెక్షనులోను, ప్రతి ఐదేండ్లకొకసారి బడిపిల్లల సర్వే జరిపి వైకల్యముగలవారిని గుర్తింపవలెనని 17వ సెక్షనులోను, పరిశోధనను ప్రోత్సహింపవలెనని 28వ సెక్షనులోను ప్రభుత్వములను శాసించుచున్నది. ఆ సర్వేలో వాడబోవు తెలుగు పఠనపరీక్షను ముందుగనే ప్రచురించి విమర్శకు పెట్టుట, ఏ అంకెకు దిగువనున్నవారిని నిపుణునివద్దకు పంపుదురో సర్వేకు ముందే ప్రకటించుట, పేర్లు, గ్రామములు తొలగించిన ఫలితములను ఉభయరాష్ట్రముల విద్యాపరిశోధన, శిక్షణ మండలులు (ఎస్సీఈఆర్టీలు) నీపిడ్‌తో కలసి ఒక భాండారమున నుంచుట, ధ్రువపత్రములకై వచ్చిన పిల్లల పరీక్షాంకములను జిల్లా వైద్యమండలులు అదే భాండారమునకు చేర్చుట, ఇంతవరకు చాలును. తరువాతి సర్వేనాటికి, 'క్ష్మ' చదువలేని రెండవ తరగతి బాలునివంటివారు తెలుగుదేశమున నూటికెందరో ఆ భాండారమును చూచి ఏ పంతులమ్మయైనను చెప్పగలుగును.